టీచర్, ఆ ‘టిక్’ కూడా వాయించాలా?

కాకినాడ నుంచి ఒక వయొలిన్ టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీలు ఉంది కాబట్టి కుదించి చెప్తున్నాను.

ఈవిడ 2021 నుంచి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తున్నారు. పిల్లలు పద్నాలుగు మంది, అందులో తొమ్మిది మంది డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల పిల్లలు. శని, ఆదివారాలు మనకు ఉదయం ఆరింటికి క్లాసు. సిస్టమ్ అప్పట్లో ఆడపడుచు కొడుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పార్టులు కొని, తనే కూర్చుని బిగించి ఇచ్చాడు. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్, బి550 రకం మదర్‌బోర్డు. మైకు, దానికో చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే డబ్బా), వెబ్‌క్యామ్, వైర్‌లెస్ కీబోర్డు మౌసు, పాఠాలు దాచుకోడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఉన్నాయి. మొన్న దీపావళి దాటినప్పటి నుంచి మైకులో ‘టిక్, టిక్’ అని చప్పుడు. ఒక్కోసారి అర సెకను మొత్తం మింగేస్తుంది. మౌసు బాణం ఉన్నట్టుండి ఆగి, ఎగిరి ఎక్కడో పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు విండోస్ ‘టుడుంగ్’ అని మోగి కెమెరా బొమ్మ గడ్డకట్టిపోతుంది. ఇప్పటికి రెండు మౌసులు మార్చారు, ఒక కేబుల్ కొన్నారు, రెండుసార్లు ఫార్మాట్ కొట్టించారు. దగ్గర్లో రిపేరు కుర్రాడు బోర్డు పోయింది, మారిస్తే పద్నాలుగు వేలు అన్నాడు. వాళ్లాయనేమో ఇది నెట్ ప్రాబ్లమే అంటారు. ఆడపడుచు కొడుకుని అడుగుదామంటే తప్పు పట్టినట్టు అనుకుంటారేమోనని భయం. డెబ్భై వేలు పెట్టి వాయిదాల మీద ల్యాప్‌టాప్ తీసుకుని ఈ గొడవ వదిలించుకోనా అన్నది చివరి ప్రశ్న. పోయిన వారం జంట స్వరాలు వాయించి చూపిస్తుంటే ఒక పాప “టీచర్, ఆ టిక్ కూడా వాయించాలా?” అని అడిగిందట. ఆ మాటకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది అని రాశారు.

అమ్మా, ల్యాప్‌టాప్ సంగతి తర్వాత చూద్దాం. దానికన్నా ముందు, ఉత్తరం అంచున చిన్న అక్షరాల్లో “కేబినెట్ ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జిల్లుమంటుంది, అలవాటైపోయింది” అని రాశారు చూడండి, దానికి అలవాటు పడొద్దు. అది ఎర్తింగ్ లేదని చెప్పే గుర్తు. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటులోని చెత్తను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి ఆ చెత్తను ఎర్త్ వైరులోకి పంపాలి. ఆ దారి లేకపోతే కేబినెట్ రేకు మీదే కూర్చుంటుంది. మామూలుగా ప్రాణం మీదకి తెచ్చేంత కరెంటు కాదు గానీ, రేపు లోపల నిజంగా ఏదైనా ఇన్సులేషన్ దెబ్బతింటే మిమ్మల్ని కాపాడాల్సింది ఆ ఎర్తే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్ పాయింటులో ఎర్త్ ఉందా, మీ ఎక్స్‌టెన్షన్ బాక్సులో మూడో పిన్ను నిజంగా దేనికైనా కలిసి ఉందా చూపించండి. ఇది మీరు స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని కాదు. దీనివల్ల మీ ‘టిక్’ పోతుందని మాత్రం హామీ ఇవ్వను. ఎర్తింగ్ లేని చోట మైకులో సాధారణంగా వచ్చేది ‘మ్‌ఁ’ అని సాగే హోరు, టిక్కులు కాదు. అయినా ఈ వారమే చేయించండి.

ఇక అసలు విషయం. మీరు దీన్ని ఒకే జబ్బు అనుకుంటున్నారు. నాకు మూడు కనబడుతున్నాయి, పైగా మూడింటికీ ఆచూకీ మీ ఉత్తరంలోనే ఉంది, వేర్వేరు పేజీల్లో పడిపోయింది అంతే.

నెట్ మాట ముందు తేల్చేద్దాం. క్లాసు లేని రోజు మోడెమ్ ఆపేసి మీ సాధన అరగంట రికార్డు చేసుకుని విన్నారట, అందులో పదకొండు చోట్ల టిక్కులు లెక్కపెట్టారట. నెట్టే లేనప్పుడు వచ్చిన టిక్కును నెట్ మీద వేయలేం కదా. అయితే మీవారిని పూర్తిగా తీసిపారేయకండి. పిల్లలకు తంబురా శ్రుతి వినబడటం లేదని, మీరు దీర్ఘంగా లాగిన స్వరం మధ్యలో సన్నబడిపోతోందని తల్లిదండ్రులు అంటున్నారు చూడండి, అది ఈ టిక్కుల సంగతి కాదు. వీడియో కాల్ యాప్‌లు మాటల కోసం తయారైనవి. ఆగకుండా ఒకే తీరుగా మోగేదాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుని నొక్కేస్తాయి. పాపం తంబురా చేసే పనే అది. మీ యాప్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనో, సంగీతానికి అనో ఒక సెట్టింగ్ ఉంటే అది ఆన్ చేసి, నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేయండి. రెండు నిమిషాల పని, తల్లిదండ్రుల ఫిర్యాదుల్లో సగం దాంతోనే పోవచ్చు.

ఇప్పుడు టిక్కు దగ్గరికి వద్దాం. పెన్‌డ్రైవ్ పెడితే చక్కగా కాపీ అవుతోంది కాబట్టి పోర్టులు బాగానే ఉన్నట్టు కదా అని అడిగారు. మంచి ప్రశ్నే కానీ అక్కడే చాలామంది పొరబడతారు. పెన్‌డ్రైవ్‌కి ఫైలు వెళ్లేటప్పుడు ఒక ముక్క చెడిపోతే కంప్యూటర్ దాన్ని మళ్లీ పంపుతుంది. కొంచెం ఆలస్యం అవుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. మైకు శబ్దం అలా కాదు. కచేరీలో మృదంగం వాళ్లు ఒక దెబ్బ తప్పితే ఆగి మళ్లీ ఆ దెబ్బ వేస్తారా? తాళం ముందుకి పోతూనే ఉంటుంది, పోయిన దెబ్బ పోయినట్టే. యూఎస్‌బీలో ఆడియో కూడా తాళం లెక్కనే నడుస్తుంది. పాతకాలపు 12 మెగాబిట్ల వేగంలో మిల్లీ సెకనుకొకటి, 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0లో అయితే ఆ మిల్లీ సెకనులో మళ్లీ ఎనిమిదో వంతు లెక్కన శబ్దం చిన్న చిన్న మూటలుగా వస్తుంది. ఒక మూట సమయానికి రాకపోతే తిరిగి పంపడం అనేదే లేదు. ఆ ఖాళీయే మీకు వినబడే టిక్కు. అందుకే నూరు పెన్‌డ్రైవ్‌లు బాగా పనిచేసినా మైకు పాడవుతూనే ఉండొచ్చు.

మరి ఆ మూట ఎందుకు ఆలస్యం అవుతోంది? మీ రెండో పేజీలో దసరాకి కొత్త వెబ్‌క్యామ్ వచ్చిందని, ముందు పోర్టులు చాలక ఒక పోర్టును ఏడుగా చేసే హబ్ ఒకటి తెప్పించానని ఒక వాక్యం ఉంది. నాలుగో పేజీలో టిక్కులు దీపావళి తర్వాత మొదలయ్యాయని ఉంది. ఈ రెండు వాక్యాల మధ్య రెండు పేజీల మౌసుల కథ వచ్చేసింది కాబట్టి మీకు కలిపి చూడాలనిపించలేదు. ఆ హబ్‌కి వేరే అడాప్టర్ లేదు. కేబినెట్ ముందు పోర్టులో గుచ్చారు. దానికి ఇంటర్‌ఫేస్, కెమెరా, బల్ల మీది చిన్న లైటు, ఇవి చాలక “ఫోను చార్జింగు కూడా దానికే”. అమ్మా, ఒక నల్లాకి నాలుగు పైపులు తగిలించి నాలుగింటిలోనూ ధార రావాలంటే ఎలా వస్తుంది? యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. మీది కండెన్సర్ మైకు. దానికి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ని కూడా మీ ఇంటర్‌ఫేస్ ఆ 5 వోల్టుల్లోంచే తయారు చేసుకోవాలి. ఫోను చార్జింగుకి పెట్టగానే హబ్‌లో వోల్టేజీ కుంగితే ముందుగా తూలేవి ఇంటర్‌ఫేస్, కెమెరాలే. ఆ ‘టుడుంగ్’ బహుశా ఇదే. కావాలంటే గుర్తు తెచ్చుకోండి, అది మోగిన రోజుల్లో ఫోను హబ్‌కి ఉందా లేదా అని.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంటర్‌ఫేస్‌ని హబ్ నుంచి తీసి కేబినెట్ వెనక, బోర్డు మీదే ఉన్న పోర్టుకి నేరుగా పెట్టండి. కెమెరాని వెనకే ఇంకో పోర్టుకి పెట్టండి. ముందు పోర్టులకీ బోర్డుకీ మధ్య కేబినెట్ లోపల ఒక వైరు ఉంటుంది, దాని నాణ్యత ఎలాంటిదో బయటికి తెలియదు, అందుకే వెనక పెట్టమనేది. హబ్‌ని పూర్తిగా పీకి పక్కన పెట్టండి. తర్వాత అదే అరగంట సాధన, అదే రాగం, రికార్డు చేసి టిక్కులు లెక్కపెట్టండి. పదకొండు అన్నది మీ దగ్గర రెడీగా ఉన్న కొలత. అది సున్నా అయితే దొంగ దొరికినట్టు. మూడో నాలుగో అయితే హబ్ ఒక వాటాదారు, ఇంకొకరున్నారు. పదకొండు పదకొండుగానే ఉంటే హబ్‌కి నా క్షమాపణలు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. పోయినేడు మా ఇంట్లో హెడ్‌సెట్ గరగరమంటే ఒకే సాయంత్రం డ్రైవరు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), పోర్టు, కేబుల్ మూడూ మార్చేశాను. ఆగిపోయింది. ఏది మార్చితే ఆగిందో తెలియక, నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలు. మీరు ఫార్మాట్ కొట్టించడం కూడా అలాంటిదే, అన్నీ ఒక్కసారి కదిపేసి ఏమీ తెలుసుకోకుండా మిగలడం.

మౌసు సంగతి వేరు. దాన్ని హబ్‌తో కలపకండి. మౌసు డాంగిల్ (మౌసు సంకేతాలు అందుకునే చిన్న ముక్క) వెనక నీలం పోర్టులో, అంటే యూఎస్‌బీ 3.0లో, దాని పక్క నీలం పోర్టులోనే హార్డ్ డిస్కు అన్నారు. క్లాసు అయ్యాక రికార్డింగులు కాపీ చేస్తుంటే మౌసు మరీ మొండికేస్తుంది అని కూడా అన్నారు. ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద ఒక పత్రం వేశారు. యూఎస్‌బీ 3.0 పరికరం 5 గిగాబిట్ల వేగంతో పని చేస్తుంటే దాని వైరు, కనెక్టర్ల నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది, వైర్‌లెస్ మౌసులు మాట్లాడుకునేదీ అక్కడే. కాబట్టి మీరు మార్చిన ఆ రెండు మౌసుల్లో ఏ లోపమూ ఉండకపోవచ్చు, పక్కింట్లో మైకు పెట్టి ఊదరగొడుతుంటే ఎవరి మాట మాత్రం వినబడుతుంది? ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని బల్ల మీదకి, మౌసుకి జానెడు దూరంలోకి తెచ్చేయండి. పెద్ద ఖర్చు కాదు. లేదా డాంగిల్‌ని హార్డ్ డిస్కుకి దూరంగా, నల్లటి 2.0 పోర్టు ఉంటే దాంట్లోకి మార్చండి. కాపీ చేస్తూ మౌసు కదిపి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ రెండూ అయ్యాక కూడా టిక్కులు మిగిలితే అప్పుడు సిస్టమ్ లోపలికి వెళ్దాం. ఇక్కడి నుంచి కొంచెం ఓపిక కావాలి.

ముందుగా, ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో బఫర్, అంటే ఒక్కో విడతలో ఎన్ని శబ్దపు కొలతలు (శాంపిళ్లు) పోగుచేసి ఇవ్వాలన్న అంకె, ఎంతుందో చూడండి. ఎవరో వీడియోలో చెప్పారని 64కి తగ్గించానని రాశారు. సెకనుకి 48 వేల శాంపిల్ రేటు దగ్గర 64 అంటే కంప్యూటర్‌కి దొరికే వ్యవధి ఒకటిన్నర మిల్లీ సెకను కూడా లేదు. ఆ సందులో ఇంకో డ్రైవరు కాస్త ఎక్కువసేపు ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటే టిక్కే. స్టూడియోలో పాడుతూ తన గొంతు తనే వినేవాళ్లకి ఆ తక్కువ అంకె కావాలి గానీ మీకెందుకు? 256 పెడితే ఐదు మిల్లీ సెకన్ల పైచిలుకు, 512 అయితే పదిన్నర. కాకినాడ నుంచి డల్లాస్ దాకా నెట్‌లో పోయే ఆలస్యం ముందు అది లెక్కలోకే రాదు. అలాగే విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనూ ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లోనూ శాంపిల్ రేటు ఒకటే ఉండాలి, ఒకచోట 44.1 వేలు, ఇంకోచోట 48 వేలు ఉంచకండి.

తర్వాత కరెంటు పొదుపు. వాడకుండా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని విండోస్ నిద్రపుచ్చుతుంది, లేపేటప్పుడు కొన్ని సరిగ్గా లేవవు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ ఆపేయండి. డెస్క్‌టాప్‌కి దీనివల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు.

అప్పటికీ ఉంటే ‘లేటెన్సీమాన్’ అనే సాఫ్ట్‌వేర్ దించుకుని పదిహేను నిమిషాలు నడపండి. ఏ డ్రైవరు ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుంటోందో పేరుతో సహా చూపిస్తుంది. చాలాసార్లు అది వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో అవుతుంది. వైఫై అని తేలితే క్లాసుకి లాన్ కేబుల్ పెట్టుకుని వైఫై ఆపేయడమే మందు.

ఇక బయోస్, అంటే బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్. రిపేరు కుర్రాడు బోర్డు పోయిందన్నాడు గానీ, మీ ఉత్తరాన్ని బట్టి అలా అనిపించదు. ఒకటి మాత్రం ఉంది. 500 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీద పోర్టులు వగైరా చూసుకునే చిప్పు) ఉన్న బోర్డుల్లో యూఎస్‌బీ అప్పుడప్పుడు తెగిపోతోందని వాడేవాళ్లు చెప్తే, పరిశీలిస్తున్నామని ఏఎండీ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. తర్వాత ఏజీసా 1.2.0.2 అనే కోడ్‌తో దానికి మందు ఇచ్చింది, బోర్డు కంపెనీలు దాన్ని బయోస్ అప్‌డేట్‌గా అందించాయి. మీ బోర్డు ఆ కుటుంబంలోదే, అప్పుడు కొన్నదే, ఇప్పటిదాకా బయోస్ ఎవరూ ముట్టుకోలేదు. కానీ మీ కష్టం అదేనని నేననను. అదే అయితే ఇన్నేళ్లు నోరు మూసుకుని మొన్న దీపావళికి ఎందుకు మొదలుపెడుతుంది? అందుకే దీన్ని వరసలో కిందికి నెట్టాను. చేయడం మంచిదే, చేసేటప్పుడు జాగ్రత్తలున్నాయి. మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోవచ్చు, యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు. డిస్కుకి విండోస్‌లోని బిట్‌లాకర్ తాళం ఉంటే ఆ రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోవాలి, లేదంటే అప్‌డేట్ తర్వాత మీ ఫైళ్లే మిమ్మల్ని ఎవరని అడుగుతాయి.

ఇక్కడే మీ ఆడపడుచు కొడుకు అక్కరకొస్తాడు. “నువ్వు చేసిన సిస్టమ్ చెడిపోయింది” అంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది, మీ భయం అర్థమైంది. కానీ చెడింది అతను చేసింది కాదు కదా, తర్వాత మీరు తగిలించింది. హబ్ పరీక్ష అయ్యాక ఆ అంకెలతో ఫోన్ చేయండి. “నాన్నా, హబ్ తీసేస్తే పదకొండు టిక్కులు రెండయ్యాయి, ఆ రెండింటి సంగతి చూసిపెడతావా, బయోస్ కూడా పాతదట” అనండి. బిగించినవాడికి అంతకన్నా ఇష్టమైన ఫోన్‌కాల్ ఉండదు. బోర్డు మాన్యువల్ అతని దగ్గరుంటే వెనక పోర్టుల్లో ఏవి నేరుగా ప్రాసెసర్‌కి, ఏవి చిప్‌సెట్‌కి వెళ్తాయో కూడా చెప్పగలడు. ఒక రకం పోర్టులో టిక్కులుంటే రెండో రకంలో పెట్టి చూడొచ్చు. అసలు చెప్పకుండా ఊరుకుంటే? సంక్రాంతికి వాళ్లు వచ్చినప్పుడు బల్ల మీద కొత్త ల్యాప్‌టాప్ కనబడుతుంది, ఆ అబ్బాయి తయారుచేసింది మూలన పడుంటుంది. అడగడం కన్నా అదే ఎక్కువ బాధ పెడుతుందని నా అనుమానం, వాళ్లని ఎరిగినవారు మీరు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది చివరి ముడి. బోర్డు మార్పిస్తే పద్నాలుగు వేలు పోయి, అదే హబ్‌ని కొత్త బోర్డుకి తగిలిస్తారు, టిక్కులు అలాగే ఉంటాయి. ల్యాప్‌టాప్ కొంటే దానికి పోర్టులు ఇంకా తక్కువ, హబ్ లేకుండా మీ సరంజామా పట్టదు, డెబ్భై వేల తర్వాత మళ్లీ ఇదే ఉత్తరం. వేరే కారణాలకి ల్యాప్‌టాప్ కావాలంటే, ఊళ్లు తిరుగుతూ క్లాసులు చెప్పాలనుకుంటే అది వేరే మాట, కొనుక్కోండి. టిక్కు కోసమైతే వద్దు. హబ్ తప్పదనుకుంటే సొంత అడాప్టర్ ఉన్నది కొనండి, ఇంటర్‌ఫేస్‌ని మాత్రం దానికి పెట్టొద్దు. పోర్టులన్నీ మార్చి చూసినా, బయోస్ అయినా తగ్గకపోతే బోర్డు మీద ఖాళీ స్లాట్‌లో పెట్టుకునే యూఎస్‌బీ కార్డు దొరుకుతుంది, ఇంటర్‌ఫేస్‌కి సొంతంగా ఒక దారి వేసినట్టు. కొత్త బోర్డు ఖర్చులో అది చిన్న వాటా. బోర్డు మీద అనుమానం పెట్టుకోవాల్సింది అదీ పనిచేయకపోయాకే.

వచ్చే శనివారం లోపు ఇవన్నీ అవ్వవు, తొందరపడకండి. ఎలక్ట్రీషియన్, హబ్ పీకడం, ఆ రెండే చాలు. ఫోనుని హబ్ నుంచి తీసి గోడ చార్జరుకి పెట్టుకోండి, మరీ గండం వస్తే దాంతోనే క్లాసు నడపొచ్చు. మొదట్లో వాడిన ఆ పాత వైరు మౌసు అటక మీద పడేశానన్నారు కదా, దాన్ని కిందికి దింపి దుమ్ము దులపండి. డాంగిల్‌కి ఎక్స్‌టెన్షన్ వైరు వచ్చేదాకా క్లాసుకి అది పనికొస్తుంది.